మా వాడు ఇల్లు కదలడండీ!

పెళ్లిళ్లలో, పేరంటాల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఈ మధ్య తరచూ వినబడుతున్న మాట ఒకటుంది. "మా వాడు చాలా బుద్ధిమంతుడండీ, ఇల్లు కదలడు." అన్నవాళ్ల మొహంలో గర్వం, విన్నవాళ్ల మొహంలో కాస్త అసూయ. ఆ కదలని అబ్బాయికి పదహారేళ్లుంటాయి. కాలేజీ, ట్యూషన్, తన గది, అంతే. స్నేహితులెవరైనా ఇంటికొస్తారా అంటే రారు. పోనీ తను ఎవరింటికైనా వెళతాడా అంటే వెళ్లడు. సిగరెట్టు లేదు, గోడలు దూకడం లేదు, ప్రేమలూ దోమలూ లేవు. తల్లిదండ్రులకి ఇంకేం కావాలి?

నాకు మాత్రం ఆ మాట వింటే భయమేస్తుంది. పదహారేళ్ల పిల్లాడు ఇల్లు కదలకపోవడం బుద్ధికి గుర్తు కాదు. ఆ వయసు చేయవలసిన పని చేయడం లేదనడానికి గుర్తు. చిన్న చిన్న సాహసాలు చేసి, మోకాళ్లు కొట్టుకుపోయి, తోటివాళ్లతో పోట్లాడి, మళ్లీ కలిసిపోయి, ఊళ్లో ఒక్కడే తిరగడం నేర్చుకోవలసిన ఐదారేళ్లని మనం వాడి దగ్గర్నుంచి లాగేసుకుంటున్నాం. లాగేసుకుని దానికి 'క్షేమం' అని పేరు పెట్టుకున్నాం. ఆ క్షేమం కూడా ఉత్తదేనని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు మంచి సంగతి చెప్పుకుందాం, లేకపోతే అన్యాయం అవుతుంది. ఇది మన ఒక్క ఊరి కథ కాదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1975 నుంచి ఏటా హైస్కూలు పిల్లల్ని అడిగి లెక్కలు తీస్తున్నారు. 1997లో అక్కడి పన్నెండో తరగతి పిల్లల్లో గత నెల రోజుల్లో సిగరెట్టు తాగామన్నవాళ్లు 36 శాతం పైమాటే. ఇప్పుడు 3 శాతం లోపు. ఈ-సిగరెట్లనే కొత్త రోగం వచ్చింది గానీ, పాత సిగరెట్టు మాత్రం దాదాపు పోయింది. మద్యమూ బాగా తగ్గింది. 1991లో అక్కడ 15-19 ఏళ్ల అమ్మాయిలు వెయ్యిమందికి దాదాపు 62 కాన్పులు జరిగితే, 2022 నాటికి అవి 14కి లోపు. ఇవన్నీ సంతోషించవలసిన విషయాలే. ఏ తల్లి కాదంటుంది?

కానీ ఆ లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది. జీన్ ట్వెంగీ అనే మానసిక శాస్త్రవేత్త 2017లో అచ్చయిన తన 'ఐజెన్' పుస్తకంలో దాన్ని బయటపెట్టారు. సిగరెట్టు, మందు తగ్గిన ఆ పిల్లల్లోనే తల్లిదండ్రులు లేకుండా బయటికెళ్లడం తగ్గింది. స్నేహితుల్ని కలవడం తగ్గింది. చిన్నా చితకా ఉద్యోగం చేసి నాలుగు డబ్బులు సంపాదించుకోవడం తగ్గింది. 2023లో ఆ దేశపు సర్జన్ జనరల్ ఒంటరితనం మీద ఒక హెచ్చరిక ప్రకటించారు. 15-24 ఏళ్లవాళ్లు స్నేహితులతో ఎదురెదురుగా గడిపే సమయం 2003లో రోజుకి సుమారు 150 నిమిషాలు ఉంటే, 2020లో 40 నిమిషాలకి దిగిందని అందులో ఉంది. 2020 కరోనా ఏడాది కదా అంటారేమో. ఆ దిగుడు కరోనాకి చాలా ఏళ్ల ముందే మొదలైంది.

అంటే సిగరెట్టూ పోయింది, స్నేహితుడూ పోయాడు. ఇక్కడే మన పెద్దలు ఒక తప్పుడు లెక్క వేసుకుంటున్నారు. పిల్లాడు చెడిపోకుండా ఉండాలంటే నలుగురిలో తిరగకూడదు, ఇదొక బేరం, ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి అని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని సామెత కూడా చెబుతారు.

అది బేరం కాదని ఐస్‌లాండ్ చూపించింది. మన జిల్లాలో సగం జనాభా కూడా లేని ఆ చిన్న దేశంలో 1998లో 15-16 ఏళ్ల పిల్లల్లో గత నెలలో తాగి తూలామన్నవాళ్లు 42 శాతం. 2016కి అది 5 శాతానికి పడిపోయింది. రోజూ సిగరెట్టు కాల్చేవాళ్లు 23 శాతం నుంచి 3 శాతానికి వచ్చారు. ఎలా చేశారు? రాత్రి ఇన్ని గంటల తర్వాత పిల్లలు వీధుల్లో ఉండకూడదని నియమం పెట్టారు, నిజమే. తల్లిదండ్రులు జట్లు జట్లుగా సాయంత్రాలు వీధుల్లో నడిచారు. వాటితో పాటు ఆటలకీ, సంగీతానికీ, నాట్యానికీ పిల్లల సంఘాలు పెంచారు. రాజధాని రేక్యావిక్‌లో అయితే ఆ సంఘాల ఫీజుల కోసం ప్రతి పిల్లాడి పేరా ఏటా నగరమే డబ్బిచ్చింది. పిల్లల్ని గదుల్లోకి తోసి తలుపేయలేదు. మందు సీసా కన్నా మంచి చోటు చూపించి, అక్కడికి నలుగురినీ కలిపి పంపారు. చెడు తగ్గింది, సావాసం పెరిగింది. రెండూ ఒక్కసారే జరగొచ్చు.

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. మన పిల్లలు ఎప్పుడూ అమెరికా పిల్లల్లా పదహారో ఏట కారేసుకుని పార్టీలకి వెళ్లినవాళ్లు కారు. మన సాహసాలు వేరు. ఎలెన్ శాండ్‌సెటర్ అనే నార్వే పరిశోధకురాలు 2007లో పిల్లలు ఆడే ప్రమాదపు ఆటల్ని ఆరు రకాలుగా విడదీశారు. ఎత్తులెక్కడం, వేగంగా పోవడం, పదునైన పనిముట్లు వాడటం, నీళ్లూ నిప్పుల దగ్గర ఆడటం, కలబడి దొర్లడం, పెద్దల కంటికి కనబడకుండా తప్పిపోవడం. ఆ జాబితా చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎత్తులంటే మన కోతికొమ్మచ్చి. వేగమంటే సీటు అందక కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కిన అద్దె సైకిలు. పనిముట్లంటే బిళ్లంగోడుకి కర్ర చెక్కుకోవడం, తెలంగాణలో చిర్రగోనె అంటారు దాన్ని. నీళ్లంటే నడుముకి బెండ్లు కట్టుకుని బావిలోకి దూకడం, నిప్పంటే భోగిమంట. కలబడటానికి కబడ్డీ, తప్పిపోవడానికి దాగుడుమూతలు. నార్వే ఆవిడ పరిశోధన చేసి రాసినదంతా మన వీధిలో సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడింటి వరకు జరిగేది. పెద్దయ్యే కొద్దీ అదే సరుకు కాస్త పెద్దదయ్యేది. పక్కూరి తిరునాళ్లకి సైకిళ్ల మీద పోవడం, మొదటాట సినిమాకి చెప్పకుండా చెక్కేయడం, పొలంలో చెరుకు విరిచి కాపలావాడి కేకకి పరిగెత్తడం.

ఇవన్నీ గొప్ప పనులని నేననడం లేదు. వీటివల్ల వచ్చేది ఒకటుంది. వంటలో ఉప్పెంతో చెయ్యి చెబుతుంది కదా. ఆ చెయ్యి పుస్తకం చదివి రాలేదు. నాలుగుసార్లు ఎక్కువై, ఆరుసార్లు తక్కువై వచ్చింది. భయం సంగతీ అంతే. ఏ కొమ్మ బరువు ఆపుతుందో, ఏ మనిషిని నమ్మొచ్చో, ఎంతవరకు పోయి వెనక్కి తిరగాలో, ఇవి చెబితే వచ్చేవి కావు. దిగితేగాని లోతు తెలియదు.

నేను డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు పుస్తకాలు గుర్తొస్తాయి. ముళ్లపూడివారి బుడుగు, నామిని 'సినబ్బ కతలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'. ఆ పిల్లల్ని గదిలో పెట్టి తలుపేస్తే ఆ పుస్తకాల్లో రాయడానికి ఏమీ మిగలదు. మన ఇళ్లలో చాలామంది కొని పిల్లలకిచ్చే జపాన్ పుస్తకం 'రైలుబడి' ఉంది. అందులో టోటోచాన్ పోలియో వచ్చిన తన స్నేహితుణ్ణి నిచ్చెన వేసి చెట్టెక్కిస్తుంది. ఇద్దరూ ఇంట్లో చెప్పరు. చెబితే ఒప్పుకోరని వాళ్లకి తెలుసు. ఆ ఘట్టం చదివి కళ్లనీళ్లు పెట్టుకునే తల్లులం మనం. అదే తల్లులం, మన పిల్లాడు మెట్లకి బదులు పిట్టగోడ మీద నడిస్తే ఫ్లాటు అదిరేలా కేకేస్తాం.

సరే, ఇల్లు కదలనివ్వలేదు. మరి ఆ వయసులో ఉండే దూకుడు ఎక్కడికి పోయింది? కొత్తదాని మీద ఆకర్షణ ఆ వయసులో ముందు పెరుగుతుందనీ, పగ్గాలు పట్టే మెదడు భాగం ఇరవై దాటాక గాని పూర్తిగా కుదురుకోదనీ శాస్త్రం చెబుతోంది. తలుపేసినంత మాత్రాన ఆ ఆకర్షణ చావదు. అది ఫోనులోకి దారి చూసుకుంటుంది. 2023లో 'అసర్' వాళ్లు దేశంలోని పల్లెటూళ్లలో 14-18 ఏళ్లవాళ్ల మీద సర్వే చేస్తే దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దాన్ని వాడటం వచ్చిన పిల్లల్లో 90 శాతం మంది ఆ వారంలో సోషల్ మీడియా చూశారు. పల్లెల సంగతే ఇది, పట్నాల సంగతి చెప్పాలా?

పూర్వం గోడ దూకేవాడికి గోడ ఎత్తు కనబడేది. నాన్న జేబులోంచి పది రూపాయలు కొట్టేసి గోళీలకి పందెం కాసినవాడు పది రూపాయలే పోగొట్టుకునేవాడు. చూసిన ఎదురింటి తాతగారు చెవి మెలేసేవారు. ఇవాళ గదిలో కూర్చుని పందెం కాసే పిల్లాడికి అవతల ఎవరున్నారో తెలియదు. ఎంత పోయిందో అమ్మ బ్యాంకు మెసేజీ చూసుకునేదాకా ఇంట్లో తెలియదు. ఆన్‌లైన్ పందేలని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేయవలసి వచ్చింది. ఊరికే చేస్తారా? ఫొటో పంపించి, ఆ ఫొటోతోనే బెదిరింపులకి చిక్కి, ఇంట్లో చెప్పలేక నలిగిపోయే పిల్లల సంగతులు వారంలో రెండుసార్లు పేపర్లో చూస్తున్నాం. ఆ పిల్లలు 'ఇల్లు కదలని' పిల్లలే. ప్రమాదం పోలేదండీ. వీధిలోంచి గదిలోకి వచ్చింది, అంతే. వీధిలో ఉన్నప్పుడు చూసే కళ్లు పదుండేవి. గదిలో ఒక్కటీ లేదు.

ఇంకో విడ్డూరం చూడండి. ఆర్టీసీ బస్సులో ఒక్కణ్ణి పంపడానికి భయపడే తండ్రే పదో తరగతి పాసైతే బండి కొనిస్తున్నాడు. ట్యూషన్లకి తిప్పలేక చస్తున్నామండీ అంటాడు. మన చట్టం ప్రకారం 16 ఏళ్లకి గేర్లు లేని, 50 సీసీ లోపు బండికే లైసెన్సు. మామూలు స్కూటీకి 18 నిండాలి. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లు. నిజంగా ప్రాణాలు తీసే ప్రమాదానికి తాళాలు చేతిలో పెడతాం, బస్సు కండక్టరుతో మాట్లాడటం మాత్రం ప్రమాదమంటాం. మనం కొలిచేది ప్రమాదాన్ని కాదు, మన సౌకర్యాన్ని.

ఈత కూడా అంతే. విజయవాడ నడి ఊళ్లోంచి మూడు కాలువలు పోతాయి, పక్కనే కృష్ణ. కాలువ వైపు వెళ్లొద్దని చెప్పని తల్లి లేదు, ఈత నేర్పించిన తల్లిదండ్రులు ఎంతమంది? ఆరేళ్లు దాటిన పిల్లలకి ఈత, నీళ్ల దగ్గర జాగ్రత్తలు నేర్పండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నుంచి చెబుతోంది. మనం వద్దని చెప్పి ఊరుకుంటాం. ఎప్పుడో పరీక్షలయిపోయిన రోజు పదిమందీ కలిసి నీళ్లలోకి దిగుతారు. వద్దన్న మాట అప్పుడు ఒడ్డునే ఉండిపోతుంది. వేసవి వస్తే మనం చదివే వార్తలు అవే.

ఇక స్నేహాల సంగతి. "వాడికి బోలెడుమంది ఫ్రెండ్సున్నారండీ, రాత్రి పన్నెండు దాకా కబుర్లే, ఆటలే, అన్నీ ఫోన్లోనే" అంటారు. ఫోన్లో కబుర్లు స్నేహం కాదని నేననను. దూరంగా ఉన్నవాళ్లకి అదొక వరం. కానీ ఎదురుగా ఉన్న స్నేహితుడితో ఒక ఇబ్బంది ఉంది, ఆ ఇబ్బందే చదువు. వాణ్ణి బ్లాక్ చేయలేం. క్రికెట్లో అవుటని వాడు, కాదని మనం. అరుచుకున్నాక కూడా బ్యాటు వాడిదే, బంతి మనదే. కటీఫ్ చెప్పుకుని రెండ్రోజులు మొహం తిప్పుకున్నా మూడో రోజు అదే బెంచీ మీద కూర్చోవాలి. వాడి మొహం చిన్నబోవడం కళ్లారా చూడాలి. ఎక్కువ అన్నామేమో అని లోపల గుచ్చుకోవాలి. రాజీ అనేది అక్కడ పుడుతుంది. ఫోన్లో గ్రూపులోంచి బయటికొచ్చేస్తే సరిపోతుంది, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. అలా పెరిగినవాళ్లే రేపు పెళ్లి చేసుకుంటారు, ఆఫీసుల్లో నలుగురితో పనిచేస్తారు. చిన్న మాట తేడా వస్తే గది తలుపేసుకోవడం ఒక్కటే తెలిసిన మనిషితో కాపురం ఎలా ఉంటుందో కాస్త ఆలోచించండి, కొడుకులున్న తల్లులూ, కూతుళ్లున్న తల్లులూ.

"కాలం బాగాలేదు" అనే మాట నాకు తెలుసు. దానికి జవాబు ఇంగ్లండులో దొరికింది. అక్కడ 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి నడిచేవాళ్లు. 1990 నాటికి 9 శాతం. ఆ మధ్యలో రోడ్డు ప్రమాదాల్లో పిల్లల చావులు బాగా తగ్గాయి. రోడ్లు భద్రమయ్యాయని ప్రభుత్వం చెప్పుకుంటే, ఆ లెక్కలు తీసిన మేయర్ హిల్‌మన్ బృందం కాదంది. రోడ్లు భద్రం కాలేదు, పిల్లలే రోడ్ల మీంచి మాయమయ్యారు అంది. మనదీ అదే కథ. వీధిని బాగుచేయడం మనకి చేతకాలేదు. పిల్లల్ని లోపలికి లాక్కుని వీధిని బళ్లకి వదిలేశాం. పిల్లలు లేని వీధి ఇంకా పాడవుతుంది. పదిమంది పిల్లలు ఆడే వీధిలో బండి తనంతట తనే నెమ్మదిస్తుంది, అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుంటుంది. ఆ కాపలా జీతం లేని కాపలా.

ఆడపిల్లల దగ్గరకొస్తే గొంతులు ఇంకా పెరుగుతాయి. తిరక్క మగవాడు చెడ్డాడు, తిరిగి ఆడది చెడింది అని మన సామెత. మొదటి సగం మర్చిపోయాం, రెండో సగం మాత్రం పట్టుకున్నాం. పాతకాలం బంగారమని నేనెక్కడా అనలేదు, గమనించండి. ఆ చెట్లూ చెరువులూ మగపిల్లలవే. పెద్దమనిషి అయ్యేదాకా పరికిణీ ఎగదోపుకుని ఆడిన పిల్లని ఆ రోజుతో గడప లోపల కూర్చోబెట్టేవాళ్లు. కొన్ని తరాల ఆడవాళ్లకి చేసిన పనే ఇప్పుడు మగపిల్లలకీ కలిపి చేస్తున్నాం, తేడా అంతే. పైగా బయటివాడి భయమంటారు. నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో అత్యాచారం కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. పిల్లని ఇంట్లో పెట్టినంత మాత్రాన భద్రమని ఆ లెక్క చెప్పడం లేదు. ఎవరి చూపు ఎలాంటిదో పసిగట్టడం, గట్టిగా వద్దనడం, పదిమందిలో కేకేయడం, ఇవి నలుగురిలో తిరిగిన పిల్లకి వచ్చినంతగా తలుపు వెనక పిల్లకి రావు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. అమ్మమ్మలు గుళ్లన్నీ తిరిగొస్తున్నారు. పదిహేనేళ్ల మనవరాలు మాత్రం రెండు స్టాపుల అవతలి స్నేహితురాలింటికి వెళ్లడానికి నాన్న ఆఫీసు నుంచి ఎప్పుడొస్తారా అని చూస్తోంది. మా అమ్మాయిని పదో తరగతి సెలవుల్లో విజయవాడ నుంచి తెనాలికి, వాళ్ల అమ్మమ్మ దగ్గరికి, ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లమన్నాను. మా అత్తయ్యగారు రెండు గంటలు నాతో మాట్లాడలేదు. తర్వాత "ఏమ్మా, ఏదైనా అయితే ఎవరిది పూచీ?" అన్నారు. "నాదే అత్తయ్యా" అన్నాను. పిల్ల గుంటూరు బస్సెక్కింది! కండక్టరు టిక్కెట్టు ఇచ్చేటప్పుడు గాని తెలియలేదట. మంగళగిరిలో దిగి, పూలమ్మే ఆవిణ్ణి అడిగి, నలభై నిమిషాలు నిలబడి తెనాలి బస్సెక్కింది. వచ్చాక ఆ సంగతి తనే చెప్పింది, ఇంట్లో అందరికీ, ఎదురింటివాళ్లకీ కూడా, ప్రతిసారీ ఇంకాస్త మసాలా వేసి. తప్పు బస్సు ఎక్కకుండా నేను పక్కన ఉండి చూసుకోవచ్చు. అప్పుడు తప్పు బస్సెక్కితే ఏం చేయాలో దానికి ఎప్పటికీ తెలిసేది కాదు.

చివరి అడ్డంకి చదువు. "ఇంటర్ రెండేళ్లూ కళ్లు మూసుకుంటే జీవితమంతా సుఖం" అని మనకి నూరిపోశారు. తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్లు. ఆటస్థలం ఊసే లేని నాలుగంతస్తుల భవనం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది, కానీ అది 14 ఏళ్ల లోపువాళ్లకే. పదిహేనో ఏడు రాగానే పిల్లాడికి కాళ్లు అక్కర్లేదని మన నమ్మకం కాబోలు. ఆ రెండేళ్లు నాలుగవుతాయి, నాలుగు ఆరవుతాయి. వీధి చివర కొట్టుకి ఒక్కణ్ణి పంపని పిల్లాణ్ణి ఇరవై రెండో ఏట విమానమెక్కించి డాలస్ పంపుతాం. అక్కడ అద్దిల్లు వెతుక్కోవాలి, తెలియనివాళ్లతో గది పంచుకోవాలి, వంట చేసుకోవాలి, మోసం చేసేవాణ్ణి గుర్తుపట్టాలి, దిగులేస్తే చెప్పుకోవడానికి ఒక మనిషిని సంపాదించుకోవాలి. ఇవన్నీ ఈఏపీసెట్ సిలబస్‌లో లేవు. పదిహేనేళ్లప్పుడు పది రూపాయల పొరపాటు చేయనివ్వకపోతే, ఇరవై రెండేళ్లప్పుడు పది లక్షల పొరపాటు చేస్తారు. దగ్గర మనం ఉండం.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. అపార్ట్‌మెంటు కమిటీలు 'ఇక్కడ ఆడరాదు' అనే బోర్డు పీకేయాలి. అద్దం పగిలితే ఆడిన పిల్లలంతా చందాలేసుకుని కడతారు, అదీ ఒక పాఠమే. కాలనీకొక ఖాళీ స్థలాన్ని గుడికో ఫంక్షన్ హాలుకో ఇచ్చేముందు పిల్లల్ని ఒకసారి తలుచుకోవాలి. పదేళ్లకి వీధి చివర కొట్టు, పన్నెండేళ్లకి సైకిలు మీద బడి, పద్నాలుగేళ్లకి సిటీ బస్సు, పదహారేళ్లకి పక్క ఊరు, ఇలా మెట్టు మెట్టుగా ప్రతి ఇంట్లో ఒక లెక్క ఉండాలి. కొడుక్కీ కూతురికీ ఒకే లెక్క. ఈత నేర్పాలి. చట్టం ఒప్పుకునే వయసు వచ్చేదాకా బండి తాళం ఇవ్వకూడదు. పిల్లల స్నేహితుల్ని ఇంటికి రానివ్వాలి. సోఫా మాసిపోతుంది, బిస్కెట్ల డబ్బా ఖాళీ అవుతుంది, గోల భరించాలి. ఆ గోలలో ఎవరు ఎలాంటివాళ్లో మనకి తెలుస్తుంది, సీసీ కెమెరా కన్నా బాగా. ఏ తప్పు చేసినా ఇంట్లో చెప్పుకోవచ్చనే ధైర్యం మాత్రం ముందు ఇవ్వాలి. అది లేకపోతే మిగతావన్నీ వృథా.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ అనేది ఒకటుందని పిల్లలకి తెలియాలి కదా ముందు. ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆటకో, స్నేహితుడింటికో, ఊరి అవతల ఉన్న పెద్దమ్మకి ఊరగాయ జాడీ ఇచ్చి రావడానికో పిల్లల్ని పంపండి. పది నిమిషాలకోసారి ఫోన్ చేయకండి. వస్తానన్న టైముకి అరగంట ఆలస్యంగా, చెమటతో, ఒక చెప్పు తెగి వస్తారు. గుమ్మంలోనే ప్రశ్నలు మొదలుపెట్టకండి. కాళ్లు కడుక్కోమని అన్నం పెట్టండి. రెండో ముద్దకి వాళ్లే చెప్పడం మొదలుపెడతారు.